నత్సువో కిరినో 'ఔట్': హత్య కన్నా ఆ బెంతో ఫ్యాక్టరీయే ఎక్కువ భయపెట్టింది

క్రైమ్ థ్రిల్లర్ కదా, రెండు రోజుల్లో లాగించేద్దాం అనుకుని మొదలుపెట్టా. వారం పట్టింది, మధ్యలో రెండుసార్లు పక్కన పడేశా కూడా.

1997లో జపాన్‌లో వచ్చిన నవల, నేను చదివింది స్టీఫెన్ స్నైడర్ ఇంగ్లీషు అనువాదం. టోక్యో శివార్లలో బెంతోలు, అదే స్టోర్లలో అమ్మే భోజనం డబ్బాలు, వాటిని తయారుచేసే ఫ్యాక్టరీ. అక్కడ నైట్ షిఫ్ట్ చేసే నలుగురు ఆడవాళ్ల కథ. అర్ధరాత్రి నుంచి తెల్లారి ఐదున్నర దాకా డబ్బాలు కదిలే కన్వేయర్ బెల్టు ముందు నిలబడే ఉండాలి, ఒకళ్లు అన్నం సర్దితే ఇంకొకళ్లు దానిమీద కూర పోయాలి. లోపలికి వెళ్లేముందు బట్టల మీద దుమ్ము రోలర్‌తో తీసి, చేతులకి గాట్లున్నాయా అని చూస్తారు.

యోషియేకి పొద్దున ఇంటికెళ్తే మంచాన పడ్డ అత్తగారి చాకిరీ. కునికో నెత్తి మీద బోలెడు అప్పులు. మసాకో ఒక ఫైనాన్స్ ఆఫీసులో 20 ఏళ్లు చేసి, మగవాళ్లతో సమానంగా జీతం అడిగిన పాపానికి బయటపడ్డ మనిషి, ఇంట్లో కొడుకు నోరు విప్పడు, మొగుడు వేరే గదిలో. ఇక యాయోయి, దాచిన డబ్బంతా జూదంలో తగలేసి పైగా చెయ్యి చేసుకున్న మొగుణ్ణి ఒక రాత్రి నడుము బెల్టు మెడకి బిగించి చంపేస్తుంది (కంగారు పడకండి, ఇది మొదట్లోనే అయిపోతుంది, స్పాయిలర్ కాదు).

అసలు దెబ్బ తర్వాత పడుతుంది. శవాన్ని మసాకో ఇంటి బాత్రూంలో ముక్కలు చేస్తారు, అదీ ఫ్యాక్టరీలో లైన్ పని పంచుకున్నట్టే, నువ్విది పట్టుకో నేనిది కోస్తా అన్నట్టు. అరుపుల్లేవు, ఏడుపుల్లేవు. యోషియే దీనికి ఒప్పుకునేది కూడా డబ్బుకి కటకటగా ఉండబట్టే. నాకు రక్తం కన్నా ఆ లెక్క చదువుతుంటేనే కడుపులో తిప్పింది.

నచ్చనివీ ఉన్నాయి. క్లబ్బు నడిపే సతాకే వచ్చిన చోటల్లా నవల మామూలు విలన్ సినిమా అయిపోతుంది, ఆఖరి అధ్యాయాల్లో అతనికీ మసాకోకీ మధ్య రాసింది నాకస్సలు మింగుడు పడలా. బ్రెజిల్ నుంచి వచ్చిన కజువో అయితే చీకట్లో మసాకో మీద పడ్డవాడు, తర్వాత అతని మీద మనకి జాలి పుట్టించాలని చూస్తుంది రచయిత్రి, సారీ, నాకు పుట్టలేదు.

అయినా 5కి 4 ఇస్తా. భోజనం చేస్తూ మాత్రం చదవకండి, నేను చదివా.