తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలను (ఈటింగ్ డిజార్డర్స్) అంచనా వేసే ప్రశ్నావళుల్లో తెలుగులోకి తేవడానికి ఈట్-26 (EAT-26) మేలా, ఈడీఈ-క్యూ (EDE-Q) మేలా?

ఈట్-26లో 26 వాక్యాలు. "ఎల్లప్పుడూ" నుంచి "ఎన్నడూ లేదు" దాకా ఉన్న జవాబులకు వరుసగా 3, 2, 1, 0, 0, 0 మార్కులు; ఒక్క వాక్యానికి మాత్రం ఇది తిరగబడుతుంది. మొత్తం 20 గానీ అంతకు మించి గానీ వస్తే నిపుణుల దగ్గరికి పంపాలి. కాలేజీల్లో వడపోతకు ఇదే సులువు. కానీ "తిండిని చిన్న ముక్కలుగా కోసుకుంటాను" అన్న వాక్యం చేత్తో అన్నం కలుపుకునేవాళ్లకు అతకదు. తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి చూసినా ఈ లోపం దొరకదు, మాటలు సరిగ్గానే ఉంటాయి మరి! పదిమందితో చదివించి, ఏం అర్థమైందో చెప్పించుకోవాల్సిందే.

ఈడీఈ-క్యూ 28 ప్రశ్నలది, గడిచిన 28 రోజుల గురించి అడుగుతుంది. చికిత్సలో మార్పు కొలవడానికి ఇదే నయం. మెలకువగా ఉన్న సమయంలో 8 గంటలు, అంతకు మించి తినకుండా ఉండటం గురించిన ప్రశ్నలో "బరువు, ఆకారం కోసం" అన్నది జారిపోతే ఏకాదశి ఉపవాసమూ రుగ్మత లక్షణమైపోతుంది. ఇందులో నాలుగు ఉపస్కేళ్లు (విడిగా మార్కులు లెక్కేసే ప్రశ్నల గుంపులు) ఉంటే, ఒక ప్రశ్న రెండింటిలో లెక్కకొస్తుంది. కాబట్టి ఫ్యాక్టర్ విశ్లేషణలో (ఏ ప్రశ్నలు ఒక గుంపుగా చేరతాయో చూసే లెక్కలో) ఆ నాలుగూ విడివడకపోతే వెంటనే అనువాదాన్ని తప్పుపట్టకండి.