బ్యూరెట్టా, అవక్షేపమా, స్పెక్ట్రోఫోటోమీటరా: ముందు దేనిమీద చేయి తిరగాలి?

విశ్లేషణాత్మక రసాయనం మొదటి సెమిస్టర్ ల్యాబ్‌లో మూడు పద్ధతులు ఎదురవుతాయి. గీతలున్న గాజు గొట్టం, అంటే బ్యూరెట్‌ నుంచి గాఢత తెలిసిన ద్రావణాన్ని చర్య పూర్తయ్యేదాకా వదిలి కొలిచే టైట్రేషన్, ద్రావణంలోంచి ఘనంగా దిగే అవక్షేపాన్ని వడగట్టి తూచే గ్రావిమెట్రీ, రంగు ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్. ఉన్న కొద్ది వారాల్లో మూడింటిమీదా సమానంగా చేయి తిరగదు. ముందు దేన్ని గట్టిగా పట్టుకోవాలని అడిగితే నేను బ్యూరెట్ అనే చెబుతాను.

ఎందుకంటే తప్పు ఎక్కడ పుట్టిందో అక్కడ కంటికి కనబడుతుంది. 50 మి.లీ. బ్యూరెట్ మీద 0.1 మి.లీ.కి ఒక గీత ఉంటుంది. గీతకీ గీతకీ మధ్య కంటితో అంచనా వేస్తే, ఒక్కో రీడింగ్‌లో 0.02 మి.లీ. అటూఇటూ అవుతుంది. మొదలు ఒక రీడింగ్, చివర ఒక రీడింగ్; రెండింటి అనిశ్చితినీ వర్గాలు చేసి కూడి వర్గమూలం తీస్తే సుమారు 0.03 మి.లీ. ద్రావణం 25 మి.లీ. ఖర్చయితే ఇది 0.1 శాతం. 5 మి.లీ.తోనే పని అయిపోతే దాదాపు 0.6 శాతం. రీడింగ్ 20 మి.లీ. దాటేలా నమూనా తీసుకోమని ఎందుకంటారో ఈ చిన్న లెక్కతో తెలిసిపోతుంది. అనిశ్చితి గురించి చెప్పే పాఠం నాకు బుర్రకెక్కింది ఈ గాజు గొట్టం దగ్గరే.

పని అయిపోయిందని రంగు మారి చెప్పే సూచిక ఎంపిక కూడా అంతే. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లాన్ని అదే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తే తుల్య బిందువు, అంటే ఆమ్లానికి క్షారం సరిగ్గా సరిపోయిన చోటు, పీహెచ్ 8.7 దగ్గర వస్తుంది. మిథైల్ ఆరెంజ్ 3.1 నుంచి 4.4 మధ్యే రంగు మారిపోతుంది. అంటే ఆమ్లంలో మూడో వంతైనా తటస్థం కాకముందే పని అయిపోయిందని చెబుతుంది. ఫినాల్ఫ్తలీన్ సరిగ్గా సరిపోతుంది. పీహెచ్ వక్రరేఖను పది సార్లు గీసినా రాని స్పష్టత, తప్పు సూచిక వేసి ఒక్కసారి దెబ్బతింటే వస్తుంది.

నాకు తగిలిన పెద్ద దెబ్బ వేరు. మూడు టైట్రేషన్లు చేశాను: 24.35, 24.40, 24.35 మి.లీ. ఎంత ముద్దుగా కలిశాయో అనుకుని లెక్క కట్టి ఇచ్చేశాను. జవాబు తప్పు. సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. నేను రెండు వారాల కిందటి గాఢతనే నమ్మాను. బలం తగ్గిన క్షారం ఎక్కువ ఖర్చయింది, అందుకే ఆమ్లం ఉన్నదానికంటే ఎక్కువగా తేలింది. ఆ రోజే పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌ను ఎండబెట్టి, తూచి, దానితో క్షారం గాఢతను మళ్లీ తేల్చి (స్టాండర్డైజ్ చేసి) ఉంటే సరిపోయేది. రీడింగులు ఒకదానితో ఒకటి కలవడం వేరు, నిజంతో కలవడం వేరు.

గ్రావిమెట్రీని తక్కువ చేయను. 1914 రసాయన నోబెల్ అందుకున్న థియోడర్ రిచర్డ్స్ పరమాణు భారాలను అంత కచ్చితంగా తేల్చింది ప్రధానంగా సిల్వర్ హాలైడ్ల మీద పనిచేసి, తూచే. 0.1 మి.గ్రా. చూపే త్రాసు మీద అర గ్రాము అవక్షేపం తూస్తే తూకంలో దోషం 0.02 శాతమే. చిక్కల్లా అవక్షేపంతోనే. బేరియం సల్ఫేట్ తనతోపాటు పక్క అయాన్లను కూడా లాక్కుని దిగుతుంది. తప్పు జరిగిందని తెలిసేది అంతా ఎండి, చల్లారి, తూకం స్థిరపడ్డాకే. ఒక్క ప్రయోగం చేస్తే చాలు, అది నికెల్-డైమిథైల్ గ్లయాక్సైమ్ అయితే మరీ మంచిది. ఎర్రటి అవక్షేపం, కొలిమి అక్కర్లేదు, ఓవెన్‌లో ఎండబెడితే చాలు. దాని భారంలో 20.32 శాతం నికెల్.

ఇక బ్యూరెట్ చేతులెత్తేసే చోటు ఒకటుంది. లీటరుకు 1 మి.గ్రా. ఇనుమున్న నీళ్లు 25 మి.లీ. తీసుకోండి. ఒకటికి ఒకటి చొప్పున చర్య జరిపే 0.01 మోలార్ ద్రావణం దానికి 0.045 మి.లీ. చాలు. అంటే నిండా ఒక చుక్క కూడా కాదు! అదే ఇనుముకు రంగు తెచ్చే ఫినాంత్రోలిన్ కలిపి 510 నానోమీటర్ల దగ్గర 1 సెం.మీ. కువెట్‌లో (నమూనా పోసే చిన్న పాత్రలో) చూస్తే శోషణ, అంటే పీల్చుకున్న కాంతికి కొలత, 0.2 దాకా వస్తుంది, హాయిగా కొలవొచ్చు. ఇలాంటి స్వల్ప గాఢతలకు స్పెక్ట్రోఫోటోమీటరే మేలు, సందేహం లేదు.

అయినా దాన్ని రెండో మెట్టుగానే ఉంచమంటాను. తెరమీద మూడు దశాంశాలు మెరిసేసరికి అడగాల్సిన ప్రశ్నలు ఆగిపోతాయి. కువెట్ మీద వేలిముద్ర పడినా అంకె వస్తుంది, బ్లాంక్ (కొలిచే పదార్థం లేని ద్రావణం) సరిగా పెట్టకపోయినా అంకె వస్తుంది. శోషణ 2 అంటే నమూనా దాటి వచ్చిన కాంతి 1 శాతమే, అక్కడ దారితప్పిన కాంతి కొంచెం చేరినా ఫలితం పాడైపోతుంది. అన్నిటికంటే ప్రమాదం కాలిబ్రేషన్‌లో, అంటే తెలిసిన గాఢతలతో శోషణను ముడిపెట్టే గీత గీయడంలో ఉంది. ఐదు ప్రామాణిక ద్రావణాలూ ఒకే స్టాక్ (ముందే చేసిపెట్టుకున్న గాఢ ద్రావణం) నుంచి పలుచన చేస్తాం. ఆ స్టాక్ గాఢత తప్పయితే ఐదు బిందువులూ తిన్నగా ఒకే గీతమీద కూర్చుంటాయి, సహసంబంధం 0.999 వస్తుంది, జవాబు మాత్రం తప్పే వస్తుంది. నా మూడు రీడింగుల కథే ఇది, ఈసారి యంత్రం చెబుతుంది. స్టాక్‌లో ఇనుము లీటరుకు గ్రాము దాకా ఉంటే దాన్ని డైక్రోమేట్‌తో టైట్రేట్ చేసి సరిచూసుకోవచ్చు. ఆ పనికి మళ్లీ బ్యూరెట్టే కావాలి.