పసుపు పువ్వు పేరు తేల్చడానికి పువ్వు మేలా, ఆకు మేలా?

జులై నెలాఖరున మా అమ్మను షికాగో దగ్గర లైల్ ఊళ్లోని మోర్టన్ ఆర్బొరేటమ్ అనే చెట్ల తోటకి తీసుకెళ్లాను. అక్కడ షూలెన్‌బర్గ్ ప్రెయిరీ ఉంది. సాగు చేసిన నేలలో 1962 నుంచి మళ్లీ నాటుతూ పెంచిన గడ్డిమైదానం అది. గడ్డి మీదుగా తలలెత్తిన పసుపు పువ్వులు చూసి "పొద్దుతిరుగుడు తోటేంట్రా ఇక్కడ?" అంది అమ్మ. ఫోన్‌లో మొక్కల పేర్లు చెప్పే యాప్‌కి పువ్వు ఫొటో ఇస్తే అదీ పొద్దుతిరుగుడనే చెప్పింది. కానీ మా ముందున్నవి సిల్ఫియంలు, పొద్దుతిరుగుడును పోలిన పసుపు పువ్వుల మొక్కలు.

ఇల్లినాయ్ ప్రెయిరీల్లో ఎక్కువగా కనిపించే సిల్ఫియంలు నాలుగు. నాలుగింటి పువ్వులూ దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే నేను ముందు ఆకు చూస్తాను.

కప్ ప్లాంట్‌కి ఎదురెదురు ఆకులు రెండూ కాండం చుట్టూ కలిసిపోయి దొన్నెలా అవుతాయి. వాన పడితే అందులో నీళ్లు నిలుస్తాయి, పిట్టలు వచ్చి తాగుతాయి. కాండం వేళ్ల మధ్య తిప్పి చూడండి, తులసి కాడలాగే నాలుగు పలకలు తగులుతాయి. రోజిన్‌వీడ్‌కి కూడా ఆకులు ఎదురెదురే, కాడ లేకుండా కాండానికి అంటుకునే ఉంటాయి, కానీ దొన్నె కట్టవు. కంపాస్ ప్లాంట్ ఆకు చేప ముల్లులా లోతుగా చీలి ఉంటుంది. నేల దగ్గరి ఆకులు చాలావరకు అంచులు ఉత్తర దక్షిణాలకు పెట్టి నిలువుగా నిలబడతాయి, ఆ పేరు అందుకే వచ్చింది. ఇక ప్రెయిరీ డాక్ ఆకులు నేల దగ్గరే, టేకాకంత వెడల్పుగా, గరుకుగా ఉంటాయి. పువ్వుల కాడ మీద ఆకులు దాదాపు ఉండవు. దాని వేరు చాలా లోతు నుంచి నీళ్లు తోడుతుంది. మిట్టమధ్యాహ్నం అమ్మ చెయ్యి ఆ ఆకు మీద పెట్టించాను. "కుండలా చల్లగా ఉందిరా" అని చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

అలాగని పువ్వును తీసిపారేయలేం. సిల్ఫియమా, పొద్దుతిరుగుడా అన్న సందేహం తేల్చేది అదే. పొద్దుతిరుగుడులో గింజలు మధ్య దిమ్మెలో కడతాయి, చుట్టూ ఉన్న రేకులకు గింజ ఉండదు. సిల్ఫియంలో దీనికి తలకిందులు: రేకుల మొదట్లోనే గింజ, మధ్యలోవన్నీ తాలు. ఆగస్టు చివర్లో రేకులు రాలాక చూస్తే అంచు చుట్టూ పలచటి గింజలు వరసగా కనిపిస్తాయి. ఇది ఏ యాప్ ఫొటోలోనూ సరిగ్గా పడదు.

పువ్వు ఒక్కటీ చాలే మొక్క కూడా ఉంది, గ్రే-హెడెడ్ కోన్‌ఫ్లవర్. రేకులు కిందికి వేలాడుతుంటాయి, మధ్యలో బూడిద రంగు బుడిపె. మా పెరట్లో దాన్ని నలిపి చూశాను, సోంపు వాసన వేసింది.

నన్నడిగితే సిల్ఫియంల మధ్య తేడాకి ఆకే మేలు. యాప్ వాడేవాళ్లు పువ్వు ఫొటో ఒక్కటే ఇవ్వకండి. కాండానికి ఆకు అతుక్కున్న చోటు ఒకటి, నేల దగ్గరి ఆకు ఒకటి తీయండి. దేన్నీ తుంచక్కర్లేదు, వంగి చూస్తే చాలు.