మోడెమ్‌లోని ఫ్లాష్ అమరిక: నాలుగేళ్ల వాడకం తర్వాత

నాలుగేళ్లుగా ఒక ఎల్‌టీఈ (4జీ) మోడెమ్ మాడ్యూల్‌ను, పక్కన వేరే ప్రాసెసర్ పెట్టకుండా, దాని లోపలి లైనక్స్ మీదే నా ప్రోగ్రామును నడిపిస్తూ వాడుతున్నాను. రేడియో పనితీరుపై నాకు ఫిర్యాదు లేదు. మెప్పించినదీ, విసిగించినదీ దాని ఫ్లాష్ (కరెంటు పోయినా డేటాను నిలిపి ఉంచే మెమరీ) అమరికే కాబట్టి ఈ సమీక్ష దాని గురించే.

ఇందులో ఉన్నది 256 ఎంబీ నాండ్ రకం ఫ్లాష్. షెల్‌లో ఎంటీడీ పట్టికను (ఫ్లాష్ పార్టిషన్ల జాబితా) తెరిస్తే ప్రతి వరుసలోనూ ఎరేజ్ సైజు, అంటే ఒకేసారి చెరిపే బ్లాకు పరిమాణం, హెక్సాడెసిమల్‌లో 00020000, అంటే 128 కేబీ అని కనిపిస్తుంది. బూట్‌లోడర్లు, కెర్నెల్, రికవరీ, సిస్టమ్, యూజర్‌డేటా, ఈఎఫ్‌ఎస్2 (మోడెమ్ సొంత డేటా ఉండే చోటు) వంటివన్నీ వేర్వేరు పార్టిషన్లు. లైనక్స్ ఫైళ్లుండే పార్టిషన్లలో యూబీఐ (చెడ్డ బ్లాకులను, అరుగుదలను చూసుకునే పొర), దాని మీద యూబీఐఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ ఉన్నాయి. మౌంట్ చేసిన ప్రతిసారీ ఫ్లాష్‌ను జల్లెడ పట్టి, సూచికను ర్యామ్‌లో మోసే పాత జేఎఫ్‌ఎఫ్‌ఎస్2 ఫైల్‌సిస్టమ్‌తో పోలిస్తే, సూచికను ఫ్లాష్‌లోనే ఉంచే యూబీఐఎఫ్‌ఎస్ ఇంత చిన్న ర్యామ్‌కు తగిన ఎంపికే.

నా అసలు అభ్యంతరం స్థలం పంపకం మీద. సిస్టమ్, రికవరీ, యూజర్‌డేటా మూడింటికీ మూడు వేర్వేరు యూబీఐలు పెట్టారు. చెడిపోయే బ్లాకుల కోసం యూబీఐ ప్రతి 1024 బ్లాకులకు 20 చొప్పున పక్కన పెడుతుంది. అయితే ఆ లెక్కను పార్టిషన్ పరిమాణంతో కాక మొత్తం చిప్ పరిమాణంతో కడుతుంది. మన చిప్‌లో 2048 బ్లాకులు ఉన్నాయి కనుక పార్టిషన్ ఎంత చిన్నదైనా 40 బ్లాకులు, అంటే 5 ఎంబీ, దాని నుంచి పోతాయి. మూడు చోట్ల కలిపి 15 ఎంబీ! పైగా ప్రతి బ్లాకులోనూ రెండు పేజీలు (ఒక్కోటి 2 కేబీ) యూబీఐ హెడర్లకే, అంటే దాని సొంత గుర్తులకే, పోగా మనకు దక్కేది 124 కేబీ. అరుగుదలను సమంగా పంచే పని కూడా ఒక్కో యూబీఐ లోపలే జరుగుతుంది. సిస్టమ్ బ్లాకులు ఏళ్ల తరబడి ఖాళీగా కూర్చుంటే యూజర్‌డేటా బ్లాకులు మాత్రం అరుగుతూనే ఉంటాయి. సిస్టమ్‌ను, యూజర్‌డేటాను ఒకే యూబీఐలో రెండు వాల్యూములుగా (విభాగాలుగా) పెట్టి ఉంటే ఈ బాధ చాలావరకు తప్పేది. రికవరీని విడిగా ఉంచడం మాత్రం సరైన పనే: మధ్యలో ఆగిపోయిన ఒక అప్‌డేట్ సిస్టమ్‌ను పాడుచేసినప్పుడు, నా మాడ్యూల్ రికవరీ నుంచే మళ్లీ లేచింది.

రెండో సంవత్సరంలో ఒక పొరపాటు చేశాను, అది పూర్తిగా నాదే. కొత్త ఏపీఎన్‌ను (మొబైల్ డేటాకు కావలసిన నెట్‌వర్క్ పేరు) ఫైలులో రాసిన కొద్ది సెకన్లకే కరెంటు పోయింది. తిరిగి వచ్చాక చూస్తే ఫైలు పేరు ఉంది, పరిమాణం సున్నా. యూబీఐఎఫ్‌ఎస్‌లో రాత వెంటనే ఫ్లాష్‌కు చేరదు, కెర్నెల్ డిఫాల్టుల ప్రకారం డేటా అర నిమిషం దాకా మెమరీలోనే ఉండవచ్చు. అప్పటి నుంచి తాత్కాలిక ఫైలులో రాసి, ఎఫ్‌సింక్ చేసి (డేటాను ఫ్లాష్‌కు చేర్చమని కెర్నెల్‌కు చెప్పి), ఆ తర్వాతే పేరు మారుస్తున్నాను. లాగ్‌లను ర్యామ్‌లో ఉండే టీఎంపీఎఫ్‌ఎస్‌కు మార్చేశాను. డీఎఫ్ కమాండ్ చూపే ఖాళీ స్థలాన్ని కూడా పట్టించుకోవడం మానేశాను. యూబీఐఎఫ్‌ఎస్ డేటాను కుదించి రాస్తుంది, ఎంత కుదించుకుంటుందో ముందుగా తెలియదు కాబట్టి అది సాధారణంగా తక్కువే చెబుతుంది.

కొనేవారు మొదటి రోజే చేయవలసింది ఒకటుంది. ఐఎంఈఐ (పరికరం గుర్తింపు సంఖ్య), రేడియో క్యాలిబ్రేషన్ (సరిదిద్దే) విలువలు ఈఎఫ్‌ఎస్2లోనే ఉంటాయి. ఆ పార్టిషన్‌ను నాండ్‌డంప్ అనే కమాండ్‌తో తీసి, మాడ్యూల్ సీరియల్ నంబరు పేరుతో భద్రపరచండి. మామూలు కాపీ కమాండ్ డీడీని వాడకండి, దానికి చెడ్డ బ్లాకుల సంగతి తెలియదు. ఒక మాడ్యూల్ కాపీని మరో దానిపై ఎట్టి పరిస్థితుల్లోనూ రాయకండి, ఆ క్యాలిబ్రేషన్ ఆ ఒక్క బోర్డుకే చెందినది.