నీటి కదలిక నాది, నీటి రూపం ఆమెది: బ్లెండర్ మాడ్యులర్ బేక్‌తో దీర్ఘకాల అనుభవం

3D సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో నీటి సిమ్యులేషన్ (నీటి కదలికను కంప్యూటర్‌తో లెక్కించడం) ఎలా మొదలుపెట్టాలో నేర్పే పాఠాలకు కొదవ లేదు కాబట్టి డొమైన్, ఇన్‌ఫ్లో వంటి ప్రాథమిక విషయాల జోలికి నేను పోవడం లేదు. 2020 ఫిబ్రవరిలో 2.82 వెర్షన్‌తో పాటు నీటి కదలికను లెక్కించే వ్యవస్థ మాంటాఫ్లో వచ్చినప్పటి నుంచి దాన్ని వాడుతున్నాను. అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కాష్ (లెక్కించిన ఫలితాలను డిస్కులో దాచుకునే చోటు) రకాన్ని 'మాడ్యులర్'గా పెట్టుకునే వీలు. నీటి కదలికను (డేటా) ఒక దశలో, నీటి ఉపరితలాన్ని (మెష్) మరో దశలో, తుంపర, నురగ, బుడగలను (పార్టికల్స్) ఇంకో దశలో విడివిడిగా బేక్ చేసుకోవచ్చు, అంటే లెక్కించి భద్రపరచుకోవచ్చు. ఒంటరిగా పని చేసుకునేవారికి ఇది చిన్న సౌకర్యంగానే కనిపించవచ్చు కానీ, ఒకే షాట్‌ను ఇద్దరు పంచుకున్నప్పుడు దీని విలువ ఎంతో మా పనిలో నాకు తెలిసివచ్చింది.

మా దృశ్యంలో ఒక పాత రాతిగోడ కూలి, దాని వెనుక నిలిచిన నీరంతా మెట్ల మీదుగా కెమెరా వైపు దూసుకొస్తుంది. నీరు నా బాధ్యత. కెమెరా, లైటింగ్, రెండరింగ్ నా సహచరి బాధ్యత. ఎడమవైపు స్తంభానికి కొట్టుకున్న నీరు ఒక్కసారిగా పైకి లేచి, పల్చని రేకులా సాగి, కెమెరా ముందు చిరిగి తుంపరగా మారాలి. షాట్‌కు ప్రాణం ఆ ఒక్క కదలికే. దాని కోసం స్తంభం కోణాన్ని, నీటి తొలి వేగాన్ని ఎన్నోసార్లు సవరించి, చివరికి ఇద్దరికీ నచ్చిన రూపం సాధించాం. అలాంటి రూపం ఒకసారి దొరికాక దాన్ని మళ్లీ కదపడానికి ఎవరికీ మనసొప్పదు. పైగా రిజల్యూషన్‌ను రెట్టింపు చేస్తే నీటిని లెక్కించే త్రిమితీయ గ్రిడ్‌లోని గడులు ఎనిమిది రెట్లవుతాయి. గడి చిన్నదైన కొద్దీ కాలాన్ని కూడా మరింత సన్నగా కోసి లెక్కించాలి కాబట్టి, మొత్తం శ్రమ పదహారు రెట్ల దాకా పోవచ్చు. డేటా బేక్ మళ్లీ చేయడమంటే మాకు అంత తేలిక కాదు.

ఆ డేటాతో తొలి రెండర్ వచ్చినప్పుడు, ఏ ఫ్రేమ్‌ను ఆపి చూసినా కంటికి ఇంపుగానే ఉంది. నడిపించి చూస్తే మాత్రం ఎక్కడో తేడా కొట్టింది. "నీరు పారడం లేదండీ, ఫ్రేమ్ నుంచి ఫ్రేమ్‌కు గెంతుతోంది" అంది నా సహచరి. కెమెరాకు మోషన్ బ్లర్ (కదిలేవాటిని మసకబార్చే ఆప్షన్) ఆన్‌లోనే ఉంది, పడుతున్న రాళ్లు చక్కగా మసకబారుతున్నాయి. నీరు ఒక్కటే అంచులు తేలి, గాజుతో చేసినట్టు నిలబడిపోయింది. సెకనుకు 24 ఫ్రేములతో, 180 డిగ్రీల షటర్‌తో తీసే షాట్‌లో ఒక్కో ఫ్రేమ్ సెకనులో 48వ వంతు కాలాన్ని పట్టుకుంటుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో వచ్చే నీరు ఆ కాస్త వ్యవధిలోనే దాదాపు 10 సెంటీమీటర్లు జరుగుతుంది. అంతటి కదలిక తెర మీద కొంచెమైనా చెదరకుండా కనిపిస్తే ఏ ప్రేక్షకుడి కన్నూ దాన్ని నీరుగా ఒప్పుకోదు.

కారణం నీటి మెష్ స్వభావంలోనే ఉంది. రాయి మెష్‌లో ఒక బిందువు ఏ ఫ్రేమ్‌లోనైనా అదే బిందువు. రెండు ఫ్రేముల్లో అది ఎక్కడెక్కడ ఉందో చూసి రెండర్ ఇంజిన్ మధ్య దారిని ఊహించుకుంటుంది. నీటి ఉపరితలాన్ని మాత్రం ప్రతి ఫ్రేమ్‌లోనూ కొత్తగా అల్లుతారు. రెండు ఫ్రేముల బిందువులకు సంబంధమే ఉండదు, సంఖ్య కూడా మారిపోతుంది. అందుకే ప్రతి బిందువుతో పాటు దాని వేగాన్ని కూడా భద్రపరచాలి. మాంటాఫ్లోలో ఆ పని చేసేది 'స్పీడ్ వెక్టర్స్' అనే ఆప్షన్. మొదట అది ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే మొత్తం సిమ్యులేషన్ మళ్లీ నడపాల్సి వస్తుందని, ఎంతో కష్టపడి సాధించిన ఆ నీటి రేకు చేజారిపోతుందని నిజంగా బెంగపడ్డాను.

అలా జరగలేదు. ఆ ఆప్షన్ మెష్ దశకు చెందినది కాబట్టి మెష్ ఒక్కదాన్నే తీసివేసి మళ్లీ బేక్ చేస్తే సరిపోయింది. అంతకన్నా ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఆ పని నేను చేయనే లేదు. కాష్ ఫోల్డర్‌లో డేటా, మెష్, పార్టికల్స్ వేర్వేరు ఉపఫోల్డర్లుగా ఉంటాయి. డేటా అప్పటికే సహచరి కంప్యూటర్‌లో ఉంది. కాష్ దారిని సరిచూసుకుని ఆమే మెష్ బేక్ చేసింది. చేస్తూ చేస్తూ, తన లైటింగ్‌లో రేకు అంచులు మరీ గుండ్రంగా, లావుగా కనిపిస్తున్నాయని గమనించి మెష్ విభాగంలోని పార్టికల్ రేడియస్‌ను (ఒక్కో నీటి కణానికి ఇచ్చే మందాన్ని) తగ్గించింది. రేడియస్ ఎక్కువైతే నీరు గంజిలా చిక్కగా కనిపిస్తుంది, మరీ తక్కువైతే ఉపరితలం గింజలు గింజలుగా విడిపోతుంది; ఆ రెండింటి నడుమ సరైన చోటు ఎక్కడో తేల్చాల్సింది వెలుతురులో చూస్తున్న మనిషే తప్ప, లైటింగ్ లేని బూడిద రంగు వ్యూపోర్ట్ (పని తెర) ముందు కూర్చున్న నేను కాదు. కదలిక నా దగ్గర ఖాయమై ఉండగానే రూపం మీద నిర్ణయం ఆమె చేతికి వెళ్లింది. మా ఉమ్మడి పనిలో నాకు అంతటి తృప్తినిచ్చిన సందర్భం మరొకటి లేదు. మోషన్ బ్లర్‌తో వచ్చిన కొత్త రెండర్‌లో రేకు చిరిగే క్షణాన చుక్కలన్నీ సన్నని గీతలై సాగాయి. అప్పుడే ఆ నీటికి బరువు వచ్చింది.

అయితే డేటాను ఒకసారి బేక్ చేస్తే ఇక నిశ్చింత అని అర్థం చేసుకోకూడదు. దశలను ఇలా విడదీయాలంటే 'ఈజ్ రెజ్యూమబుల్' ఆప్షన్‌ను ముందే ఆన్ చేసి ఉండాలి. లేకపోతే తర్వాత మెష్, పార్టికల్స్ బేక్ చేయడం కుదరదు. ఆన్ చేస్తే డిస్కు మీద రాసే డేటా బాగా పెరుగుతుంది. అధిక రిజల్యూషన్‌లో ఆ భారం చిన్నది కాదు, ఇద్దరి మధ్య ఫైళ్లు పంపుకునేటప్పుడు అది మరీ తెలిసివస్తుంది. మెష్‌ను గ్రిడ్ కన్నా ఎన్ని రెట్లు సన్నగా అల్లాలో చెప్పే అప్‌రెస్ ఫ్యాక్టర్‌ను పెంచితే ఉపరితలం నునుపుదేలుతుంది కానీ డేటాలో లేని కదలిక పుట్టుకురాదు; గడి కన్నా పల్చనైన రేకు ఎలాగూ ముక్కలవుతుంది. తక్కువ రిజల్యూషన్‌లో నచ్చిన రూపం ఎక్కువ రిజల్యూషన్‌లో అచ్చంగా అలాగే రాదు కాబట్టి, రూపాన్ని ఖాయం చేసుకోవడమంటే రిజల్యూషన్‌ను కూడా ఖాయం చేసుకోవడమే. స్పీడ్ వెక్టర్స్ మెష్‌కు మాత్రమే సంబంధించినవి. తుంపర సంగతి విడిగా చూసుకోవాలి.

మా ఇద్దరిలో ఒకరి యంత్రం సిమ్యులేషన్‌కు, మరొకరిది రెండరింగ్‌కు అనువైనది కావడం వల్ల ఈ పద్ధతి మాకు ఇంతగా కుదిరింది. నీరు, లైటింగ్ రెండూ ఒకరే చూసుకునే చిన్న షాట్‌కు టైమ్‌లైన్ నడుపుతుండగానే లెక్కించే 'రీప్లే' కాష్ రకమే సరిపోవచ్చు. కనుచూపు మేర పరుచుకున్న సముద్రం కావాలంటే ఇంత లెక్క అవసరం లేదు, అలల ఉపరితలాన్ని నేరుగా సృష్టించే ఓషన్ మాడిఫైయర్ వైపు వెళ్లడమే మేలు. ఇద్దరు కలిసి, ఒక నిర్దిష్టమైన చోట నీరు విరిగిపడే షాట్ చేస్తూ, డిస్కులో తగినంత ఖాళీ ఉన్నవారికైతే మాడ్యులర్‌తోనే మొదలుపెట్టమని చెబుతాను. ఇద్దరి దగ్గరా ఒకే బ్లెండర్ వెర్షన్ ఉండేలా చూసుకుని, తొలి మెష్ బేక్ నుంచే స్పీడ్ వెక్టర్స్ ఆన్ చేసుకుంటే మాకు పట్టిన అదనపు సమయం వారికి కలిసొస్తుంది.