సావిత్రి తొలి సినిమాల డీవీడీ సెట్: ఉండాల్సిన డాన్సే లేదు

విజయవాడలో పాత సినిమాలు అమ్మే ఒక షాపులో, అట్టపెట్టె మీద "సావిత్రి తొలినాళ్లు" అని ఉంటే చూసి 600 పెట్టి కొన్నాను. ఆరు డిస్కులు. అమ్మ కోసం అన్నాను గానీ కొన్నది నా కోసమే.

ముందు తిట్లు కానిచ్చేద్దాం. పాతాళభైరవి (1951)లో సావిత్రి ఉండేదే ఒక్క డాన్స్ పాట. ఆ పాటే ఎగిరిపోయింది! నిడివి తగ్గించడానికి పాటలు కోసేసినట్టున్నారు. పేరేమో సావిత్రిది, ఆవిడ మాత్రం లేదు. చిర్రావూరులో పుట్టి, ఆర్నెల్లకే తండ్రి పోతే పెద్దమ్మ వాళ్లింట్లో పెరిగి, బెజవాడలో శిష్ట్లా పూర్ణయ్యశాస్త్రి గారి దగ్గర నాట్యం నేర్చుకుని, నాటకాలాడి మద్రాసు చేరిన పిల్లకి ముందు అన్నం పెట్టింది ఆ డాన్సే కదా, దాన్నే తీసేస్తే ఎలా?

సంసారం (1950) ప్రింటు గీతలే గీతలు, అయినా చూడొచ్చు. అందులో ముందు హీరోయిన్‌గా తీసుకుని, తర్వాత చిన్న వేషంతో సరిపెట్టారు. ఆవిడ కనిపించేది కాసేపే కాబట్టి రిమోట్ పక్కన పెట్టుకోండి. పెళ్లిచేసి చూడు (1952)లో జోగారావు పక్కన రెండో హీరోయిన్, ఈ డిస్కు బాగుంది.

అసలు డబ్బు గిట్టుబాటైంది దేవదాసు (1953), మిస్సమ్మ (1955) దగ్గర. రెండేళ్ల కిందట ఒక్క పాటలో వచ్చి వెళ్లిన అమ్మాయేనా ఈ పార్వతి అనిపిస్తుంది. మిస్సమ్మ ముందు భానుమతి గారు చేయాల్సింది, ఆవిడ తప్పుకోవడంతో ఈవిడకొచ్చింది, ఈవిడ చేయాల్సిన వేషం జమునకి వెళ్లింది. మేరీగా ఈవిడ విసుగు చూడండి, గొంతు పెద్దగా పెంచదు, మూతి కాస్త బిగిస్తుంది, అంతే, ఎదురుగా ఉన్న రామారావు గారికే కాదు మనకీ భయమేస్తుంది. ఆ సీన్ అమ్మ రెండుసార్లు వెనక్కి వేయించింది.

మాయాబజార్ (1957) రంగులద్దిన ప్రింటు ఇచ్చారు. నాకు నలుపు తెలుపే ఇష్టం, అది నా గోల. రంగులు ఎలా ఉన్నా ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారాక ఆ భుజాలు ఎగరేయడం, ఆ కనుబొమ్మ... అచ్చం ఘటోత్కచుడు వేసిన ఎస్వీఆర్. పీటల మీద రేలంగికి చుక్కలు చూపిస్తుంటే మా ఇంట్లో పకోడీల పళ్లెం కింద పడింది.

పాతాళభైరవి డిస్కు పట్టుకెళ్లి అడిగితే, షాపాయన "ఆ పాట ఎవరు చూస్తారు సార్" అంటూనే ఇంకో కాపీ ఇచ్చాడు. ఇంటికొచ్చి వేశాను. అందులోనూ లేదు.

ఐదుకి రెండున్నర. మిస్సమ్మ, దేవదాసు విడిగా అడగండి, ఒక్కోటి 120కి ఇస్తున్నాడు.