ల్యాప్‌టాప్‌కి ఎస్ఎస్‌డీ వేయించి ఏడాది దాటింది: సుఖంగానే ఉంది, ఆ తొలేళ్ల రోజు ఒక్కటీ తప్ప

టాస్క్ మేనేజర్‌లో ‘డిస్క్ 100%’ (అంటే డిస్క్ నిండిందని కాదు, ఊపిరి సలపనంత పనిలో ఉందని) అన్న గడిని చూసినంతసేపు ఆ నెల రోజుల్లో మా ఆవిడ ముఖం కూడా చూసి ఉండను.

విజయనగరంలో నాదో చిన్న డీటీపీ షాపు. పెళ్లికార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు. 2024 నవంబరులో విండోస్ 11కి మారాను. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆగిపోతుందన్నారు. ఎలాగూ తప్పదు, మాఘమాసం పెళ్లిళ్ల పని మీద పడకముందే కానిచ్చేద్దామని తొందరపడ్డాను. 2019లో కొన్న ల్యాప్‌టాప్, 8వ తరం ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్.

మర్నాటి నుంచి మొదలైంది. పేజ్‌మేకర్ మీద నొక్కి, బయటికెళ్లి టీ తాగి వచ్చినా ఆ గుండ్రం తిరుగుతూనే ఉండేది. మనవరాలి పెళ్లికార్డు ప్రూఫ్ చూసుకుందామని నెల్లిమర్ల నుంచి వచ్చిన ఒక పెద్దాయన కాసేపు చూసి, ‘ఏటి బాబూ, మిషను నిద్దరోతందేటి?’ అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కొత్త ఓఎస్ కొన్నాళ్లు ఫైళ్లన్నీ ఇండెక్స్ చేసుకుంటుంది, ఓపిక పట్టమన్నారు. పట్టాను. పది రోజుల్లోపు పాతదానికి వెనక్కి వెళ్లే వీలుంటుంది. దానికోసం నేను సెట్టింగ్స్ తెరిచింది పన్నెండో రోజున. స్టార్టప్‌లో ఉన్నవన్నీ ఆపాను, టెంప్ ఫైళ్లు తీసేశాను, తెలిసినాయన మాట మీద అదనంగా 8 జీబీ ర్యామ్ వేయించాను. ఆ గడి మాత్రం 100 దగ్గర్నుంచి కదల్లేదు.

డిసెంబరు చివర్లో హార్డ్ డిస్క్ తీయించి 480 జీబీ సాటా రకం ఎస్ఎస్‌డీ (లోపల తిరిగే పళ్లెం లేని డిస్క్) వేయించాను. బిగింపుతో కలిపి అప్పట్లో మూడున్నర వేలు, ఇప్పుడు రేట్లు పెరిగాయి. లోపల 447 అనే చూపిస్తుంది, మోసపోయామని కంగారు పడకండి, లెక్క అంతే. పాత డిస్క్‌లోది కాపీ చేయకుండా విండోస్ 11 కొత్తగా ఎక్కించారు. దాంతో అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ప్రింటర్ డ్రైవర్లు మళ్లీ వేసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది.

పొద్దున్నే షట్టర్ ఎత్తి, పవర్ బటన్ నొక్కి, అమ్మవారి పటం ముందు అగరబత్తి వెలిగిస్తాను. పాత డిస్క్ ఉన్నప్పుడు అగరబత్తి సగం కాలినా పని మొదలయ్యేది కాదు. ఇప్పుడు అగ్గిపుల్ల ఆర్పి తిరిగేసరికి డెస్క్‌టాప్ సిద్ధం. ఆ గరగర చప్పుడు కూడా పోయింది. అన్నాళ్లూ విండోస్‌ని తిట్టుకున్నాను గానీ, పాపం నిమిషానికి 5400 చుట్లు తిరిగే ఆ పళ్లెం మీద ఒక్క ముల్లు ఎన్ని ఫైళ్ల కోసమని పరిగెడుతుంది?

ఇక్కడితో ఆపేస్తే ఐదు చుక్కలు ఇచ్చేవాడిని. కానీ పోయిన మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండుగప్పుడు జరిగింది చెప్పాలి.

కొన్నాళ్లుగా ల్యాప్‌టాప్‌లో తేదీ వెనక్కి పోతోంది. తేదీ తప్పుంటే సగం వెబ్‌సైట్లు తెరుచుకోవు. లోపల ఉండే బటన్ సెల్ అయిపోయిందన్నారు. ఎస్ఎస్‌డీ బిగిస్తుంటే పక్కనే నిలబడి చూసిన ధైర్యంతో, తొలేళ్ల రోజు (సిరిమానుకి ముందు రోజు) పొద్దున నేనే స్క్రూడ్రైవర్ పట్టాను. సెల్ మార్చి, మూత బిగించి, ఆన్ చేశాను. నీలం తెర. బిట్‌లాకర్ రికవరీ కీ కొట్టమంటోంది, 48 అంకెలు. డిస్క్‌కి విండోస్ వేసే తాళం పేరే బిట్‌లాకర్. సాయంత్రంలోపు దాతల పేర్ల ఫ్లెక్సీ ఇవ్వాలి. ఫైలు లోపలే ఉంది.

తర్వాత తెలిసిందేమిటంటే, విండోస్ 11లో 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌ని కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్క్‌కి దానంతటదే తాళం పడుతుంది. సెల్ తీయగానే బయాస్ (విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) సెట్టింగులు మొదటికి వెళ్లాయి, దాంతో మిషనుకి అనుమానం వచ్చింది. తాళంచెవి ఆ ఖాతాలోనే ఉంటుంది. ఆ ఖాతా నాది కాదు! ఎక్కించిన రోజు నా పాస్‌వర్డ్ గుర్తురాక, విశాఖలో చదువుకునే మా మేనల్లుడికి ఫోన్ చేసి వాడి మెయిల్‌తో కానిచ్చేశాను.

వాడికి ఫోన్ చేద్దామంటే ఊరంతా జనం, కాల్ కలవదు. డాబా ఎక్కాను. ఆరోసారికి దొరికాడు. ‘మావయ్యా, రాసుకో’ అని ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు చదివాడు. కింద డప్పుల మోత. వాడు ఏడు అంటే నాకు ఆరు అని వినబడుతోంది. రెండుసార్లు చదివించుకుని, దిగొచ్చి కొట్టాను. తప్పు అంది. మళ్లీ సరిచూసి కొట్టాను. మళ్లీ తప్పే. చెమటలు పట్టేశాయి. మళ్లీ డాబా ఎక్కితే అప్పుడడిగాడు, ‘నీ తెర మీద కీ ఐడీ ఏటుంది మావయ్యా?’ అని. చూస్తే వాడి ఖాతాలో రెండు తాళంచెవులున్నాయి. అంతసేపూ వాడు చదివింది వాడి సొంత ల్యాప్‌టాప్‌ది.

ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలు సరిపోయినది చదివించుకుని కొడితే తెరుచుకుంది. ఫ్లెక్సీ ఆలస్యంగానైనా వెళ్లింది. రేటు మాత్రం తగ్గించుకోవాల్సి వచ్చింది.

ఆ తాళం తీసేయమని చాలామంది చెప్పారు. సెట్టింగ్స్‌లో ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ దగ్గర ఆపేయొచ్చు. నేను ఆపలేదు. కస్టమర్ల ఆధార్ కాపీలు ఇందులోనే ఉంటాయి. కీ ప్రింటు తీసి బీరువాలో రేషన్ కార్డు పక్కన పెట్టాను.

అగ్గిపుల్ల ఆరేలోపు అన్నది మొదటి నెలల మాట. ఇప్పుడు డిస్క్ ముప్పావు నిండింది, ఒక పుల్ల సరిపోవడం లేదు. ఫ్యాన్ అప్పటిలాగే అరుస్తుంది, బ్యాటరీ గంట రాదు, వాటికి ఎస్ఎస్‌డీ ఏం చేయలేదు. ర్యామ్ దండగ అని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను గానీ, పెద్ద ఫ్లెక్సీ ఫైలు, క్రోమ్ కలిపి తెరిస్తే 7, 8 జీబీ వాడుతోంది. ఆ 4 జీబీతోనే ఉంటే ఏమయ్యేదో.

నాది కరపత్రాల పని, వీడియోలు చేసేవాళ్ల సంగతి వేరు. మీ ల్యాప్‌టాప్‌లో ముందే ఎస్ఎస్‌డీ ఉండి నెమ్మదిగా ఉంటే జబ్బు ఇంకెక్కడో ఉన్నట్టు. నాలాగా హార్డ్ డిస్క్ మీద లాగిస్తుంటే మాత్రం, ర్యామ్ జోలికి పోకముందు ఇది చూడండి. తాళంచెవి ఎవరి ఖాతాలో ఉందో ఆ రోజే కనుక్కోండి.

బొబ్బిలిలో మా అక్క వాళ్లది కూడా ఇలాగే నత్తనడక నడుస్తోంది, నువ్వే వచ్చి మార్చిపెట్టరా అంటోంది. అది 7వ తరం, విండోస్ 11కి అర్హత లేనిది. దాని మీద డబ్బు పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేల్చలేదు. స్క్రూడ్రైవర్ మాత్రం నేను పట్టనని చెప్పేశాను.